చెవులు కోసిన చేయి

కొల్లాపూర్ దగ్గర, కృష్ణ ఒడ్డు మకాం
12 జనవరి 2025

మేనత్తమ్మకు శ్రీవాణి మొక్కి రాస్తున్నది.

ఇక్కడ నేను, మంద, కుక్క అందరం బాగున్నాం. నది వెనక్కి జరిగిన చోట గడ్డి మోకాలి దాకా లేచింది. గొర్రెలు తలలు ఎత్తడం లేదు. బాలకిష్టయ్య పెదనాన్న కొడుకు మధు తన మందను మన మంద పక్కనే తోలుతున్నాడు. కాపలా చెరి సగం చేసుకుంటున్నాం. పగలు ఎండ, పొద్దుగూకితే చలి. నాన్న గొంగడి ఉంది కాబట్టి బతికిపోతున్నాను.

అమ్మ దగ్గర లేదని అలగకుండా లహరి బడికి సరిగ్గా పోతున్నదా? ఫోన్‌లో అడిగితే "పోతున్నా" అంటుంది, అంతకు మించి చెప్పదు. నాన్నను అడిగితే సగం చెప్పి సగం మింగుతాడు. నీకు ఫోన్‌లో వినబడదు. అందుకే ట్రాలీ డ్రైవరు పాల్ మన ఎర్రమిట్టకు పోతున్నాడంటే చాలు, నేను కాగితం వెతుక్కుంటున్నాను. ఉప్పు బస్తాలు దించి టీ తాగేలోపు రాసేయాలి. అక్షరాలు వంకరగా ఉంటే తిట్టకు.

అసలు సంగతి చెబుతాను. ఇది నీకూ నాకూ మధ్యే ఉండాలి.

ఈ ఏడు యాభై ఎనిమిది పిల్లలు పుట్టాయి. చెవి గాట్లు పెట్టాలి కదా. అన్న మూడుసార్లు వస్తానన్నాడు. మొదటిసారి దుకాణంలో సెల్‌ఫోన్ల లెక్క, రెండోసారి జ్వరం, మూడోసారి ఫోనే ఎత్తలేదు. పోయిన ఏడు కూడా ఇట్లాగే చేశాడు. చెవులు కోయని పిల్లలు నీళ్ల దగ్గర వేరే మందలో కలిసిపోతే తొమ్మిది పోయాయి. "చెవి ఖాళీగ ఉన్నది, నీదని ఎట్లంటవమ్మా?" అన్నాడు ఆ మందవాడు. పిల్లలు తల్లుల కోసం అరుస్తున్నాయి, తల్లులు ఇటు నుంచి అరుస్తున్నాయి, నేను మధ్యలో నిలబడ్డాను. వాడిది తప్పు కూడా కాదు. చెవే సాక్ష్యం.

ఈ ఏడు మళ్లీ అట్లా నిలబడలేను. మధు కొల్లాపూర్ సంతకు పోయిన రోజు చూసి నేనే కోశాను. కుడి చెవికి రెండు గాట్లు, ఎడమ చెవి కొస తుంచడం, మన ఇంటి గుర్తు ఎట్లా ఉంటుందో అట్లాగే. మొదటి పిల్ల దగ్గర చేయి వణికింది. పదో పిల్ల దగ్గర ఆగిపోయింది. సాయంత్రం మధు వచ్చి అడిగితే అన్న పొద్దున వచ్చి కోసి పోయాడని చెప్పాను.

ఆడది కత్తి పడితే మందకు రోగం వస్తుందంటారు. వారమైంది. ఒక్క పిల్ల కూడా తల వాల్చలేదు. మా అన్న చేతిలో కత్తి కంటే నా చేతిలోనిదే నయం, ఆయనది తుప్పు పట్టింది.

నాన్నకు కూడా చెప్పకు. చదివి పొయ్యిలో పెట్టెయ్.

నీ కోడలు
శ్రీవాణి


ఎర్రమిట్ట
20 జనవరి 2025

మేనకోడలు శ్రీవాణిని మేనత్త భీమమ్మ కడుపునిండా దీవించి రాసేది.

నీ ఉత్తరం అరుగు మీద కూర్చుని రెండుసార్లు చదువుకున్నాను. తరువాత నువ్వు చెప్పినట్టే పొయ్యిలో పెట్టాను.

లహరి బాగుంది. రోజూ బడికి పోతున్నది. రాగానే పలక మీద ఆ రోజు సంగతులు రాసి చూపిస్తుంది. చెవిటి అవ్వ దగ్గర ఉంటే పిల్లకు రాత బాగా వస్తుందని వాళ్ల పంతులమ్మ అన్నదట. నా చెవుడు ఒకరికైనా పనికొచ్చింది.

మీ అన్న రాజ్‌కుమార్ సంగతి నువ్వు చెప్పాలా? పిల్లప్పుడే గొర్రె దగ్గితే వాడు చెట్టెక్కేవాడు. మీ నాన్న ముసలితనంలో కాలు విరగ్గొట్టుకుని మంచాన పడితే, మంద నడిపే పనికి వాడు రాలేదు. మందకు పెద్ద ఎవరు అంటే మాత్రం గొర్రెల కాపరుల సంఘంలో వాడి పేరే. రెండేండ్లుగా ఎండకు ఎండి వానకు తడిసింది నువ్వు. ఈ మాట ఎవరన్నా ఎదురుగా అంటే మీ నాన్న గోడకేసి తిరిగి పడుకుంటాడు.

నిన్న రేషన్ దుకాణం దగ్గర ఒకామె నన్ను ఆపి, "బిడ్డను ఇడిసిపెట్టి గొర్ల ఎంబడి తిరుగుతదా మీ శ్రీవాణి?" అన్నది. పెదవులు చూస్తే నాకు తెలుస్తుంది. మీ ఆయన ప్రదీప్ కోతమిషన్ నడుపుకుంటూ ఆరు నెలలు ఊరూరా తిరుగుతాడు కదా, ఆయన ఎవరిని ఇడిసిపెట్టిండు అని ఎవరూ అడగరేం? ఆ మాటే అన్నాను. ఆమె సంచి తీసుకుని పోయింది. ఉన్నమాటంటే ఉలుకెక్కువ.

ఇక కత్తి సంగతి. కోసే ముందు చెవిని ఎండకేసి పట్టుకుని చూడాలి, నరం ఎర్రగా కనబడుతుంది. దాన్ని తప్పించి కోయాలి. అంచు నుంచి లోపలికి కోయాలి, లోపలి నుంచి బయటకు కోస్తే చీలిపోతుంది. పసుపులో కొంచెం ఆముదం కలిపి పెట్టు, ఈగ వాలదు. ఇవన్నీ చేసే ఉంటావులే. అయినా చెబుతున్నాను.

ఒక్కటి అర్థం కావడం లేదు. నాలుగు రోజులుగా వీధిలో ఆడవాళ్లు నన్ను చూసి మాటలు ఆపేస్తున్నారు. బాలకిష్టయ్య భార్య నాగమణి రోజూ మన వేపచెట్టుకు పుల్ల కోసం వచ్చేది, ఇప్పుడు రావడం లేదు. నేనేం చేశానో నాకు తెల్వదు.

గొంగడి కప్పుకుని పడుకో.

నీ మేనత్త
భీమమ్మ


కొల్లాపూర్ మకాం
9 ఫిబ్రవరి 2025

భీమమ్మకు.

నువ్వేం చేశావో నీకు తెలియదా? నేను చెబుతాను.

మొన్న మధుకు వాళ్ల నాన్న ఫోన్ చేశాడు. నిన్న పొద్దున మధు తన మందను విప్పుకుని పోయాడు. గంజి తాగుతూ ఉన్నవాడు గిన్నె కింద పెట్టి లేచాడు. "మా నాయన కలిసి ఉండొద్దన్నడు. నీ మందకు రోగమొస్తే మా దానికి అంటుకుంటది" అన్నాడు. రెండేండ్లుగా నా చేతి గంజి తాగినవాడు, నా కళ్లలోకి చూడకుండా అన్నాడు.

పోతూ పోతూ ఇంకో మాట అన్నాడు. "మీ అన్న కత్తి తుప్పు పట్టిందంట గద?"

ఆ మాట నేను ఒక్క నీకే రాశాను. నాలో నేను కూడా పైకి అనలేదు. పదో పిల్ల దగ్గర చేయి వణకడం ఆగిందన్న మాట కూడా ఊరంతా తెలుసట. పొయ్యిలో పెట్టానన్నావు. పెట్టేముందు ఎంతమందికి చెప్పావు? నీ ఒడిలో పడుకుని పెరిగాను, నా బిడ్డను నీ ఒడిలో పెట్టి వచ్చాను. నీకంటే మధు నయం, వాడు ఎదురుగా నిలబడి పోతున్నానని చెప్పి పోయాడు.

సంఘం ఏమన్నదో విను. ఆడదాని చేయి కోసిన చెవి చెవి కాదట. కోయనట్టే లెక్కట. ఎవరి దొడ్లోకి పోతే వారి పిల్లలే అవి. అట్లా కాకూడదంటే రాజ్‌కుమార్ వచ్చి, నేను పెట్టిన గాటు మీదనే మళ్లీ గాటు పెట్టాలట. శివరాత్రి దాటిన ఆదివారం సంఘం కూర్చుంటుంది. ఆలోపు కోయకపోతే మందను నా దగ్గర నుంచి తీసుకుని, మగవాడు ఉన్న ఇంటికి సగం వాటా మీద అప్పగిస్తారట. ఈ మాటంతా నాకు ఫోన్‌లో చెప్పింది సంఘం పెద్ద, బాలకిష్టయ్య పెదనాన్న. నాన్న పక్కనే ఉన్నాడు. దగ్గు మాత్రం వినబడింది.

మానిన చెవి మీద మళ్లీ కత్తి పెడతారా? ఎందుకు? పిల్లల చెవులు ఎవరివో తెలియక కాదు, నా చేయి ఎవరిదో తెలియక. నదిలో దిగి నీళ్లు తాపేటప్పుడు ఈ చేయి పనికొచ్చింది. అడ్డం తిరిగిన పిల్లను తల్లి కడుపులో నుంచి తీసేటప్పుడు పనికొచ్చింది. చెవి కోసేసరికి అంటరానిదైందా?

ఇప్పుడు నేను ఒక్కదాన్ని ఉన్నాను, కుక్క ఒకటి. రాత్రంతా కన్ను మూయలేదు. దీనికంతా కారణం నువ్వు.

లహరిని జాగ్రత్తగా చూసుకో. నాకు రాయకు.

ఈరన్న కూతురు
శ్రీవాణి


ఎర్రమిట్ట
17 ఫిబ్రవరి 2025

శ్రీవాణీ, రాయొద్దన్నావు. రాస్తున్నాను.

నీ ఉత్తరం రాగానే అరుగు మీద కూర్చుని చదవడం మొదలుపెట్టాను. రెండు వరుసలు చదివానో లేదో లహరి ఇంట్లో నుంచి ఉరికి వచ్చి నా నోటికి చేయి అడ్డం పెట్టింది. నాకు కోపమొచ్చి చేయి తీసేశాను. అది పలక తెచ్చి రాసింది: "అవ్వా, నువ్వు చదివితే బడి దాకా వినిపిస్తది."

నాకు ముందు అర్థం కాలేదు. నేను మనసులో చదువుకుంటున్నాననే అనుకుంటున్నాను బిడ్డా. పెదవులు కదులుతాయని తెలుసు. గొంతు లేస్తుందని తెలియదు. ఏడేండ్లుగా నా గొంతు నాకే వినబడదు కదా. నీ మొదటి ఉత్తరాన్ని ఈ అరుగు మీద కూర్చుని రెండుసార్లు చదివాను. నల్లా దగ్గర బిందెలు పట్టుకున్న ఆడవాళ్లంతా నిలబడి విన్నారట. ఎవరిమీద ఒట్టు పెట్టుకోమంటే వారిమీద పెట్టుకుంటాను, నేను ఎవరికీ చెప్పలేదు. కానీ ఊరికంతా వినిపించింది నేనే. తప్పు నాదే. క్షమించమని అడగడానికి కూడా ముఖం లేదు. ఇప్పుడు ఇది దొడ్డి వెనక కూర్చుని, నోట్లో కొంగు కుక్కుకుని రాస్తున్నాను.

కోపం మాత్రం ఇంకొకరి మీద ఉంది. నేను అరిచి చదువుతుంటే మీ నాన్న లోపల మంచం మీదనే ఉన్నాడు. మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా విన్నాడు. ఒక్కసారి చేయి ఊపితే నేను ఆపేదాన్ని. ఊపలేదు. ఎందుకో నాకు తెలుసు. నువ్వు కత్తి పట్టావని బయటపడితే మంద మీ అన్న చేతికి పోతుంది, ఆయన మీదికి మాట రాదు. నువ్వు పట్టకముందు ఎవరు పట్టారన్న సంగతి మాత్రం ఎవరూ అడగరు.

కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని ఇన్నేండ్లు ఊరుకున్నాను. ఇక పడనీ.

మీ నాన్న జీవితంలో ఒక్క చెవి కూడా కోయలేదు.

నేను ఇరవై రెండేండ్లకు మొగుడు పోయి పుట్టింటికి వచ్చాను. అప్పట్లో ఆడవాళ్లం కూడా మంద వెంట పోయేవాళ్లం. వంట, పిల్లల పోషణ, ఉన్ని వడకడం మా పని. కత్తి, కట్టె మగవాళ్లవి. ఆ ఏడు చెవులు కోసే రోజు మీ నాన్న ఒక పిల్లను పట్టుకుని కత్తి పెట్టాడు, రక్తం చూశాడు, అక్కడే కూలబడ్డాడు. తోడేలును కట్టెతో కొట్టి చంపిన మనిషి. చిన్న పిల్ల చెవి రక్తం చూడలేకపోయాడు. "చెల్లె, నువ్వు కొయ్యి, ఎవరికీ చెప్పకు" అన్నాడు. గొంగడి అడ్డం కట్టించి, దాని వెనక కూర్చుని కోశాను. బయటకు మాత్రం మీ నాన్న చేతులకు పసుపు పూసుకుని వచ్చాడు. పదకొండు ఏండ్లు అట్లాగే.

తరువాత పక్కా ఇండ్లు వచ్చాయి, బడి వచ్చింది. ఆడవాళ్లు ఊళ్లోనే ఉండాలన్నారు. నేను ఆగిపోయాను. మీ అమ్మకు మాత్రం తప్పలేదు, ఏటా ఆ నెల మకాంకు పోయి వచ్చేది. అవును, మీ అమ్మే కోసింది. ఆమె పోయాక, మీ నాన్న పడిపోయే దాకా ప్రతి జనవరిలో నేను వారం రోజులు "అన్నకు గంజి కాయడానికి" మకాంకు పోయేదాన్ని. నువ్వు కూడా అట్లాగే అనుకున్నావు కదా?

కాబట్టి నీ చేయి కొత్త చేయి కాదు. మన మందలో మగ చేయి కోసిన చెవి లేదు.

ఆదివారం సంఘంలో ఈ మాట చెబుతాను. ఈసారి నా గొంతు ఎంత లేస్తే అంత మంచిది. ఆలోపు రాజ్‌కుమార్ వస్తే ఒక్క పిల్లను కూడా ముట్టుకోనివ్వకు.

తిట్టినా సరే, ఒక ముక్క రాయి.

భీమమ్మ


కొల్లాపూర్ మకాం
27 ఫిబ్రవరి 2025

అత్తమ్మా,

నన్ను కొట్టినా పడతాను. నిన్ను పేరు పెట్టి పిలిచాను, ఆ కాగితం దొరికితే చింపెయ్.

అమ్మ గురించి ఎందుకు ఇంతకాలం చెప్పలేదు? అమ్మ వేలి మీద కత్తి గాటు ఉండేది. ఉల్లిగడ్డ కోస్తుంటే తెగిందని చెప్పింది.

మొన్న శివరాత్రి ముందురోజు అన్న వచ్చాడు. పాల్ ట్రాలీలో ముందు సీట్లో కూర్చుని, తెల్ల బూట్లతో దిగాడు. కొత్త కత్తి కొనుక్కొచ్చాడు, ధర చీటీ ఇంకా అంటుకునే ఉంది. ముట్టుకోనివ్వనని అడ్డం నిలబడ్డాను. "నాకు మాత్రం ఇష్టమా? సంఘం పెద్దలు దుకాణానికొచ్చి కూసుంటుండ్రు, జర అర్థం చేసుకో" అన్నాడు. నేను మందను నీళ్లకు తోలుకుపోయి వచ్చేలోపు, మకాం దగ్గర కట్టేసి ఉన్న బలహీనపు పిల్లను పట్టుకున్నాడు.

అత్తమ్మా, లోపలి నుంచి బయటకు కోశాడు. సగం చెవి చీలిపోయింది. నరం తెగింది. నేను ఉరికి వచ్చేసరికి పిల్ల కింద పడి కాళ్లు కొట్టుకుంటున్నది, వీడు దూరంగా నిలబడి బూట్ల మీది రక్తం చూసుకుంటున్నాడు. "కత్తి మంచిది కాదు" అన్నాడు. ఆడలేక మద్దెల ఓడంటే ఇదే. బూడిద అద్ది, గుడ్డ కట్టి, చాలాసేపు వేలితో నొక్కి పట్టుకున్నాను. బతికింది. పాలు తాగుతున్నది.

తరువాత అన్న నా పక్కన కూర్చున్నాడు. అంత మెల్లగా మాట్లాడడం ఎప్పుడూ వినలేదు. "నాకు రాదు శ్రీవాణీ. ఎన్నడూ రాలే. అన్నిటికీ నేనే మళ్ల కోసినా అని సంఘంల చెప్త. గాట్లు ఎట్లాగూ ఉన్నయి కద, ఎవరు చూసి చెప్తరు? మంద నీకాడనే ఉంటది. నువ్వు ఊకుంటే చాలు" అన్నాడు. రక్తం కారుతున్న పిల్ల చెవిని ఫోన్‌లో ఫోటో తీసుకుని పోయాడు. సాక్ష్యమట.

నాకు ఎంత మండిందో చెప్పలేను. నేను కోసిన యాభై ఎనిమిది చెవులు ఆయనవి, ఆయన చీల్చిన ఒక్క చెవి సాక్ష్యం.

అయినా అత్తమ్మా, అలసిపోయాను. ఇరవై రోజులుగా ఒక్కదాన్నే కాపలా. నిన్న కూర్చున్న చోటే నిద్రపోతే మంద సగం మామిడి తోటలో పడింది. తోటవాళ్ల చేత మాటలు పడ్డాను. ఎవరి పేరు మీదనైతేనేం, మంద నా దగ్గర ఉంటే చాలు అనిపిస్తున్నది. నువ్వు చెబితే నాన్న పరువు ఊళ్లో ఏమవుతుంది? ఈ వయసులో, విరిగిన కాలుతో? ఆదివారం నువ్వు ఏమీ అనకు. అన్న చెప్పింది చెప్పనీ. నువ్వూ, అమ్మా ఊరుకున్నారు కదా. నేనూ ఊరుకుంటాను.

ఇది శనివారంలోపు నీ చేతికి ఇవ్వమని పాల్‌కు గట్టిగా చెప్పాను.

నీ కోడలు
శ్రీవాణి


ఎర్రమిట్ట
4 మార్చి 2025

బంగారు తల్లి శ్రీవాణికి మేనత్త భీమమ్మ రాసేది.

పాల్ ట్రాలీ పెబ్బేరు దగ్గర చెడిపోయిందట. నీ ఉత్తరం ఇవాళ పొద్దున చేతికొచ్చింది. సంఘం మొన్ననే అయిపోయింది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

సంఘం షెడ్డులో మగవాళ్లు కుర్చీల మీద, ఆడవాళ్లం వెనక నిలబడి. మీ నాన్నను నలుగురు కుర్చీతో సహా మోసుకొచ్చారు. రాజ్‌కుమార్ ఫోన్ తీసి ఫోటో చూపించాడు. ఫోన్ అందరి చేతుల్లో తిరిగింది. బాలకిష్టయ్య తల ఊపాడు, ఇక అయిపోయిందన్నట్టు లేవబోయాడు. నేను ముందుకు పోయాను.

ఉన్నదంతా చెప్పాను. రక్తం చూసి కూలబడ్డ సంగతి, గొంగడి అడ్డం, పసుపు పూసుకున్న చేతులు, మీ అమ్మ సంగతి. ఎంత గట్టిగా చెప్పానో నాకు తెలియదు, పక్క వీధి కుక్కలు లేచి వచ్చాయని లహరి చెప్పింది.

అందరూ మీ నాన్నకేసి చూశారు. ఆయన పెదవులు కదిలాయి. నాకు వినబడనక్కర లేదు, ఏడేండ్లుగా ఆ పెదవులు చదువుతున్నాను. "చెల్లె చెవిటిది. ఏం మాట్లాడుతున్నదో దానికి తెల్వదు" అన్నాడు.

అన్న అనే మాట మీద నాకు అప్పటిదాకా ఉన్నదంతా అక్కడ పోయింది. ఏడుపు రాలేదు. నీకు చెప్పాలంటే, నిప్పులాంటి కోపమొచ్చింది. షెడ్డు పక్కనే బాలకిష్టయ్య దొడ్డి ఉంది కదా. ఆలస్యంగా పుట్టిన పిల్లలు నాలుగైదు, చెవులు ఇంకా కోయనివి, అందులో ఉన్నాయి. ఒకదాన్ని ఎత్తుకొచ్చి మీ నాన్న ఒడిలో పెట్టాను. రాజ్‌కుమార్ జేబులో నుంచి ఆ కొత్త కత్తి లాగి ఆయన చేతిలో పెట్టాను. "నేను చెవిటిదాన్నే. నువ్వు కొయ్యి. పదిమంది చూస్తరు" అన్నాను.

ఆయన కత్తి పట్టుకున్నాడు. చెవి పట్టుకున్నాడు. పిల్ల ఒకసారి విదిలించుకుంటే కత్తి జారి కింద పడింది. ఆయన దాన్ని తీయలేదు. తల దించుకున్నాడు.

అప్పుడు నాగమణి వచ్చింది.

ఆడది కత్తి పడితే రోగమొస్తుందని నల్లా దగ్గర అందరికంటే గట్టిగా అన్నది ఆమే. నన్ను తిడుతుందనుకున్నాను. ఎవరి ముఖమూ చూడలేదు. వంగి కత్తి తీసుకుంది. పిల్లను మీ నాన్న ఒడిలో నుంచి తీసి మోకాళ్ల మధ్య పెట్టుకుంది. చెవిని ఎండకేసి పట్టి చూసింది, అంచు నుంచి లోపలికి ఒక్క కోత. వాళ్ల ఇంటి గుర్తు, అర్ధచంద్రం. పిల్ల అరవను కూడా అరవలేదు. పసుపు ఆమె కొంగు ముడిలోనే ఉంది. అద్దింది. పిల్లను వదిలి, కత్తిని కొంగుకు తుడిచి, తన భర్త కుర్చీ ముందు పెట్టి వెనక్కి పోయి నిలబడింది.

బాలకిష్టయ్య ఆ కత్తికేసి చూస్తూ కూర్చున్నాడు. ఆయనకు తెలుసు. ఎప్పటి నుంచో తెలుసు. తెలిసే నీ మంద తీసేయమన్నాడు.

వెనక నిలబడ్డ ఆడవాళ్లలో ఒకరు ఇంకొకరికేసి చూడడం మొదలైంది. నేను పెదవులు చదివాను. "మీ ఇంట్ల గూడనా?" అని ఒకామె. "మా అత్త నేర్పింది" అని ఇంకొకామె. చేతి వేళ్ల మీద లెక్క పెట్టాను, ఏడు ఇండ్లు. మగవాళ్లు అందరూ ఒకేసారి చెప్పులు వెతుక్కున్నారు. మళ్లీ కోయాలన్న మాట ఎవరూ ఎత్తలేదు. సంఘం పుస్తకంలో ఏమీ రాయలేదు, రాయరు కూడా. మధు రేపు తన మందను నీ దగ్గరికి తోలుకొస్తాడు. రానివ్వు. గంజి మాత్రం వాడినే కాసుకోమను.

మీ నాన్న రెండు రోజులుగా గోడకేసి తిరిగి ఉన్నాడు. అన్నం పక్కన పెట్టి వస్తున్నాను. బతిమాలను. ఆయన పరువు గురించి అడిగావు. నన్ను చెవిటిదాన్ని, ఏం మాట్లాడుతున్నానో తెలియనిదాన్ని అన్నప్పుడు నా పరువు ఎక్కడ పోయిందో ఆయన కూడా అక్కడే వెతుక్కోవాలి.

నాకు అసలు మంట ఆయన మీద కాదు, బాలకిష్టయ్య మీద కూడా కాదు. నాగమణిదీ నాదీ ఒకటే గోడ. నలభై ఏండ్లుగా ఒకే నల్లా దగ్గర నీళ్లు పట్టుకున్నాం, ఆమె పురుళ్లు నేనే పోశాను. ఆమె గొంగడి వెనక ఆమె, నా గొంగడి వెనక నేను. తప్పు చేస్తున్నది నేనొక్కదాన్నే అనుకుని బతికాను. ఆమె కూడా అట్లాగే బతికింది. ఎవరమూ నోరు తెరవలేదు, పైగా ఇంకొకామె కత్తి పడితే అందరికంటే ముందు మేమే ఉమ్మేశాం.

ఇక నీ ఉత్తరం. ఏమీ అనకు అత్తమ్మా అని రాశావు. తప్పు పట్టను, ఇరవై రాత్రులు నిద్ర లేనిదానివి. ట్రాలీ చెడిపోకుండా ఉంటే అది శనివారమే నా చేతికి వచ్చేది. నీ మాట నేను ఎన్నడూ కాదనలేదు. నోరు మూసుకుని ఆ షెడ్డులో వెనక నిలబడేదాన్ని. నువ్వు ఊరుకునేదానివి, రేపు లహరి పెద్దదై గొంగడి అడ్డం కట్టుకునేది.

ఇట్లాంటి మాట నాకు మళ్లీ ఎన్నడూ రాయకు.

నీ మేనత్త
భీమమ్మ